వెనుక నిలిచిన ఇద్దరు

మన పాఠశాల స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమన్నప్పుడు నాకు వెంటనే తోచిన పేరు టంగుటూరి ప్రకాశం పంతులు గారిది. ఆంధ్రకేసరిగా ఆయన మనందరికీ తెలుసు. నేను చెప్పదలచింది ఆయనను పెంచిన ఇద్దరి గురించి.

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్య గారు చిన్నతనంలోనే పోయారు. తల్లి సుబ్బమ్మ గారు పిల్లలతో ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపారు. ఆ రోజుల్లో అది చులకనగా చూసే వృత్తి. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. పరీక్ష ఫీజుకు మూడు రూపాయలు లేనప్పుడు తన పట్టుచీర తాకట్టు పెట్టారు. ఇంటి కష్టం కొడుకు కళ్ళ ముందే జరిగింది. చదువు మాత్రం ఆగలేదు.

రెండోవారు ఉపాధ్యాయులు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారు. ఆటలు, నాటకాలు, అల్లరి అన్నిటా ముందుండే ఈ కుర్రవాణ్ణి ఆయన చెయ్యి విడవలేదు. తాము రాజమహేంద్రవరం వెళ్తూ వెంట తీసుకువెళ్ళారు, చదివించారు. నాటకం మాన్పించలేదు, చదువూ మాననివ్వలేదు.

ఆ కుర్రవాడే రాజమహేంద్రవరంలో ప్లీడరయ్యారు, మున్సిపల్ చైర్మన్ అయ్యారు. రెండో తరగతి ప్లీడరుకు హైకోర్టులో వాదించే అర్హత లేదని తెలిసి, సముద్రం దాటి ఇంగ్లండులో బారిస్టరు చదివి 1907లో తిరిగి వచ్చారు. మద్రాసులో బాగా ఆర్జిస్తున్న ప్రాక్టీసును గాంధీజీ పిలుపుతో వదిలి, 1921లో స్వరాజ్య పత్రిక పెట్టి ఆస్తినంతా దానికే ధారపోశారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చిన రోజున మద్రాసులో తుపాకుల ఎదుట ఛాతీ చూపి నిలిచారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957 మే 20న కన్నుమూసేనాటికి చేతిలో ఏమీ మిగుల్చుకోలేదు. లేమి ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. దానికి భయపడాల్సిన అవసరం ఆయనకు లేకపోయింది.

అయితే పేదరికమే మనిషిని తీర్చిదిద్దుతుందని నేననను. ఎందరో తెలివైన పిల్లలు ఆ పేదరికంలోనే మాసిపోవడం మాస్టర్లుగా మనం చూశాం. తేడా అంతా వెనుక నిలిచినవారిలో ఉంది. సుబ్బమ్మ గారు, నాయుడు గారు ఆయన దారిలోని రాళ్ళు ఏరలేదు. పడితే లేపడానికి దగ్గరలో ఉన్నారు.

ఈనాడు మనం పిల్లల సంచి మనమే మోస్తున్నాం. మార్కు తగ్గితే వాళ్ళకంటే ముందు మనమే బడికి వచ్చి అడుగుతున్నాం. ఇంట్లో అప్పుందని కూడా తెలియనివ్వం. ప్రేమతోనే చేస్తున్నాం, కాదనను. కానీ మనం లేని రోజున వాళ్ళు ఎవరి భుజం మీద నడుస్తారు?

పూర్వ విద్యార్థులైన తల్లిదండ్రులకూ, నాతోటి ఉపాధ్యాయులకూ నాదొక మనవి. పిల్లవాడి పని పిల్లవాణ్ణే చేసుకోనిద్దాం. వాడు వెనక్కి తిరిగి చూసినప్పుడు మాత్రం మనం అక్కడ ఉందాం.