ఆటస్థలంలో నేర్పిన అదుపు

మీ ఇంట్లో పద్నాలుగేళ్ళ కుర్రవాడున్నాడా? వాడు పుస్తకం మూసి బంతి పట్టుకొని వీధిలోకి పరుగెడితే మీ చేయి బెత్తం కోసం వెదుకుతుందా? అయితే పునీత జాన్ బోస్కో జీవితాన్ని ఒకసారి తలచుకోండి.

ఆయన 1815 ఆగస్టు 16న ఇటలీలోని బెక్కి అనే పల్లెలో పేద రైతు ఇంట జన్మించారు. రెండేళ్ళు నిండకుండానే తండ్రి మరణించగా, తల్లి మార్గరీత కష్టపడి పెంచింది. తొమ్మిదేళ్ళ ప్రాయంలో ఆయనకొక కల వచ్చింది. బూతులాడుతూ కొట్లాడుకొంటున్న పిల్లల మీదికి ఆయన పిడికిళ్ళు బిగించి దూకారు. వారిని దెబ్బలతో కాదు, సాధుత్వంతో, ప్రేమతో గెలవాలని ఒక మహనీయుడు ఆ కలలోనే బోధించాడు. ఇతరులను దిద్దబోయే ముందు తన చేతిని తాను అదుపు చేసుకోవాలన్నది ఆయన నేర్చిన మొదటి పాఠం.

కియేరి పట్టణంలో చదువుకొంటూ, 1832లో తోటి విద్యార్థులతో కలిసి ఆనంద సంఘాన్ని స్థాపించారు. నియమాలు రెండే. క్రైస్తవునికి తగని మాటగాని, పనిగాని ఉండరాదు. చదువులోను, భక్తిలోను బాధ్యత తప్పరాదు. ఆ హద్దులో ఆటపాటలకు లోటు లేదు. నియమం పెట్టుకొన్నదీ పిల్లలే, పాటించినదీ పిల్లలే.

1841 జూన్ 5న గురువుగా అభిషిక్తులైన తరువాత టూరిన్ నగరంలోని చెరసాలలను దర్శించారు. అక్కడ ఎందరో కుర్రవాళ్ళు! విడుదలైనా పలకరించే దిక్కులేక మళ్ళీ అక్కడికే చేరేవారు. ఆ దృశ్యం ఆయన హృదయాన్ని కలచివేసింది.

1846 ఈస్టర్ పండుగనాడు వాల్డోక్కో అనే పేదల పేటలో ఒక పాత షెడ్డు ఆయనకు దొరికింది. ఆదివారం పూజ, జ్ఞానోపదేశం ముగిశాక ఆటలు, పాటలు, రాత్రివేళ చదువు. గురువుగారే పిల్లలతో పరుగెత్తేవారు. పనిపిల్లలను కొట్టరాదని యజమానులచేత ఒప్పంద పత్రాలు వ్రాయించారు.

ఆ జూలైలో ఆయన ప్రాణాపాయ స్థితిలో పడ్డారు. అప్పుడు పగలంతా తాపీపనిలో అలసిన కుర్రవాళ్ళు తమంతట తామే ఉపవాసముండి, వంతులవారీగా మరియమాత గుడిలో ప్రార్థించారు. ఏ బెత్తం ఆ నిగ్రహాన్ని నేర్పగలదు?

1888 జనవరి 31న ఆయన ప్రభువులో నిద్రించారు. 1934లో పునీతులుగా ప్రకటింపబడ్డారు. విజయవాడలో వీధి బాలలను చేరదీసిన నవజీవన్ బాలభవన్ ఆయన సలేషియన్ బిడ్డలదే.

తల్లిదండ్రులారా! ఈ ఆదివారం పూజ తరువాత మీ బిడ్డ ఎక్కడ, ఎవరితో ఆడుకొంటున్నాడో మీకు తెలుసా? వెళ్ళి చూడండి. వీలైతే మీరూ కాసేపు ఆడండి.