కత్తెర పట్టిన కథకుడు: హాన్స్ క్రిస్టియన్ ఆండర్సను

హాన్స్ క్రిస్టియన్ ఆండర్సను కథలను వినని బాలబాలికలు అరుదు. కురూపియగు బాతుపిల్ల కథయు, చక్రవర్తి క్రొత్త వస్త్రముల కథయు ప్రపంచమందలి పెక్కు భాషలలోనికి వెళ్లినవి. అయితే, కలము పట్టిన ఆ చేతియందే జీవితాంతమువరకు ఒక కత్తెరయు నుండెనని యెరిగినవారు కొందరే. తనకు ప్రియమైనవారి కొరకు ఆయన కాగితముతో చేసిన కానుకల వృత్తాంతమును ఇచట సంగ్రహముగా దెలిపెదను.

ఆయన 1805 వ సంవత్సరము ఏప్రిలు 2 వ తేదీన డెన్మార్కు దేశమందలి ఓడెన్సె పట్టణమున జన్మించెను. తండ్రి పాదరక్షలు కుట్టి జీవించు నిరుపేద. తల్లి పరుల బట్టలుతికి సంసారమునకు తోడ్పడెను. పేదవాడైనను తండ్రి కుమారునకు కథలు చదివి వినిపించెడివాడు. బొమ్మలాట కొక చిన్న రంగస్థలమును స్వయముగా చేసియిచ్చెను. బాలుడు గుడ్డపేలికలు ఏరి తెచ్చి, ఆ బొమ్మలకు దుస్తులు కుట్టుకొనుచు ప్రొద్దు పుచ్చెడివాడు.

ఆయన పితామహుని కథ విషాదకరమైనది. ఆ వృద్ధునకు మతి చలించెను. అతడు కొయ్యతో వింతబొమ్మలను చెక్కుచుండెను: మృగముల తలలు గల మనుష్యులు, రెక్కలు గల మృగములు. వానిని గంపలో పెట్టుకొని పల్లెలకు పోయి, అచటి స్త్రీలకును పిల్లలకును పంచి పెట్టెడివాడు. పల్లెవారతనిని ఆదరించిరి గాని, పట్టణపు వీథులలో అల్లరిపిల్లలు వెంటబడి కేకలు వేయుచుండిరి. ఒకనాడు ఆ కేకలు విని మనుమడు భయముతోను సిగ్గుతోను మెట్లచాటున దాగి వణకుచుండెను. తాత గతియే తనకును పట్టునేమో యను భీతి ఆయనను జీవితమంతయు వీడలేదు. అయినను తాత చేతిలోని విద్యయే మనుమని చేతికిని వచ్చినది. అది ముందు తేటపడగలదు.

1816 లో తండ్రి మరణించెను. 1819 లో, పదునాలుగేండ్ల ప్రాయమున, బాలుడు ఒంటరిగా రాజధానియగు కోపెన్‌హాగనుకు బయలుదేరెను. నటుడు కావలెనని, గాయకుడు కావలెనని చేసిన ప్రయత్నములన్నియు విఫలములయ్యెను. అంతట యోనాస్ కొలీన్ అను రాజోద్యోగి ఆయనను చేరదీసి, రాజాదరమున ధనసహాయ మిప్పించి, పాఠశాలకు పంపెను. పదునేడేండ్లవాడు తనకంటె ఎంతో చిన్నవారగు బాలుర ప్రక్కన కూర్చుండి చదువవలసివచ్చెను. అవమానములు సహించి, 1828 లో విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షయందు కృతార్థుడయ్యెను. 1835 లో ఆయన బాలకథల మొదటి చిన్నపుస్తకము వెలువడెను.

కొలీన్ గారి యిల్లు ఆయనకు రెండవ యిల్లయ్యెను. అయినను ఆ యింటి కొడుకు ఎడ్వర్డుతో, ఇకమీదట మీరు అను మాట విడిచి నీవు అని పిలుచుకొందమని 1831 లో ఆయన కోరగా, ఎడ్వర్డు అంగీకరింపలేదు. ఈ గాయము ఆయన హృదయమున చిరకాలము నిలిచెను. ఆయనకు వివాహము కాలేదు. సొంత సంతానము లేదు. ఇతరుల భోజనపు బల్లలయొద్ద అతిథిగానే ఆయన బ్రతుకు గడచెను. ఆ బల్లలయొద్దనే కత్తెర బయటకు వచ్చెడిది.

మన పాఠశాలల ఉత్సవములకు రంగుకాగితములు మడచి కత్తిరించి తోరణములు కట్టుట బాలు రెల్లరు ఎరిగినదే. ఆండర్సను పద్ధతియు అట్టిదే. పిల్లలు చుట్టును చేరగా కాగితమును మడచి, కథ చెప్పుచు, పెద్ద కత్తెరతో కత్తిరించుచుండెడివాడు. కథ ముగియువేళకు మడత విప్పగా హంసలు, నర్తకులు, కోటలు, కొంగలు బయల్పడెడివి. గాలిమరయే దేహముగా గల మనిషియు, హృదయములను దొంగిలించి ఉరికంబమెక్కిన దొంగయు వానిలో నుండిరి. తాత కొయ్యతో చెక్కిన వింతరూపములకు ఇవి చుట్టములు కావా? తాతను పరిహాసము పాలుచేసిన ఊహయే మనుమని చేతిలో ఆనందదాయకమయ్యెను.

భాష చాలనిచోట కత్తెర మాటలాడెను. 1857 లో ఆయన ఇంగ్లండునందు చార్లెస్ డికెన్స్ ఇంట అతిథియయ్యెను. ఆంగ్లమున ఆయనకు తగిన ప్రవేశము లేదు. రెండు వారములకని వచ్చి ఐదు వారములు నిలిచినందున ఆ యింటివారికి కొంత విసుగు కలిగిన మాటయు నిజమే. అయినను ఆయన కత్తిరించిన బొమ్మలు ఆ యింటి పిల్లలను మురిపించెను.

1859 లో, ఆడోల్ఫ్ డ్రెవ్సెన్ అను మిత్రునితో కలిసి, ఆయన యొక చిత్రపుస్తకమును సిద్ధపరచెను. అది డ్రెవ్సెన్ మనుమరాలు క్రిస్టీన్ అను చిన్నపాపకు కానుక. పత్రికలనుండి బొమ్మలు కత్తిరించి, రంగులు వేసి, జిగురుతో అంటించి, నడుమ తన కాగితపు బొమ్మలను చేర్చి, చిన్నచిన్న పద్యములు వ్రాసెను. ఈ పాప యెవరో కాదు, యోనాస్ కొలీన్ కూతురికి మనుమరాలు. దిక్కులేని బాలుని చేరదీసిన యింటి ఋణమును ఆయన నాలుగవ తరమున ఇట్లు కాగితముతో తీర్చుకొనెను. నీవు అనుటకు నిరాకరించిన యింటనే, ఆయన చేతిపనికి పసిచేతులు చాచబడెను.

డెన్మార్కులో వసంతారంభమున ఒక వేడుక కలదు. తెల్లకాగితమును జాలరువలె కత్తిరించి, పద్యము వ్రాసి, పేరునకు బదులు అక్షరమునకొక చుక్క పెట్టి ఆప్తులకు పంపుదురు. పంపినదెవరో పుచ్చుకొన్నవారు ఊహింపవలెను. లండనులో 1843 నాటికే క్రిస్మసు శుభాకాంక్షల కార్డు అచ్చుపడినది. కాని ఆండర్సను తన చేతిపనిని మానలేదు. రెండు రంగుల కాగితపు పట్టీలను ఒకదానిలో నొకటి అల్లి ఆయన చేసిన చిన్న హృదయాకారపు బుట్ట నేటికిని నిలిచియున్నది. అది 1860 లో, విద్యుత్తునకును అయస్కాంతమునకును గల సంబంధమును కనుగొనిన ఓర్‌స్టెడ్ శాస్త్రజ్ఞుని కుమార్తె మతిల్డె కొరకు చేసినది. ఇట్టి అల్లిక హృదయములను ఆ దేశస్థులు నేటికిని క్రిస్మసు చెట్టుకు వ్రేలాడదీయుదురు.

1873-74 శీతకాలమున రోగగ్రస్తుడై గది వెడలలేకపోయినపుడును ఆయన చేతులు ఊరకుండలేదు. పెద్ద మడతతెర నొకదానిని తెప్పించి, దానిపై వందలకొలది బొమ్మలు అంటించెను. బాల్యము, నాటకరంగము, స్వదేశము, ఫ్రాన్సు, ఇంగ్లండు, తూర్పుదేశములు మొదలగు విషయములు ఒక్కొక్క భాగమున అమరినవి. తాను చూచిన లోకమంతయు తన పడకగదిలోనికి వచ్చెను. 1875 వ సంవత్సరము ఆగష్టు 4 వ తేదీన, మెల్కియోర్ అను మిత్రకుటుంబము వారి తోటయింట ఆయన కన్నుమూసెను. కడపటి దినములందును ఆయన పరుల యింటివాడే. కాని ఆ యిల్లు ఆయనను తనవానిగానే చూచుకొనెను.

ఆయన కత్తిరించిన కాగితములు వందలకొలదిగ ఓడెన్సె ప్రదర్శనశాలయందు నేడును భద్రపరచబడియున్నవి. అవి వెలగల వస్తువులని ఆనాడెవరును దాచలేదు. ప్రేమించి యిచ్చినవని దాచుకొనిరి. బాలబాలికలారా! తల్లి పుట్టినదినమునకో, దూరమున నున్న అక్కకో కానుక పంపదలచి, చేతిలో కాసు లేదని చింతించువారు ఈ చెప్పులు కుట్టువాని కుమారుని తలంచుకొందురు గాక. ఒక కాగితము, ఒక కత్తెర, కొంత జిగురు, ఆ మనిషినే తలచుచు గడపిన యొక గంట: ఇవి చాలును.