డార్విన్‌ని ఓడ ఎక్కించిన మాస్టారు

రికమండేషన్ లెటర్ కోసం ప్రొఫెసర్ల గది ముందు నిలబడటం మనకి కొత్తేం కాదు. కానీ 1831 ఆగస్టులో కేంబ్రిడ్జి నుంచి 22 ఏళ్ళ చార్లెస్ డార్విన్‌కి ఒక ఉత్తరం అడక్కుండానే వచ్చింది. బీగల్ అనే ఓడ దక్షిణ అమెరికా వెళుతోంది, దానికి నీ పేరు చెప్పాను, బయలుదేరు అని దాని సారాంశం. రాసినవారు జాన్ స్టీవెన్స్ హెన్స్లో. ఇంగ్లండు చర్చి పాస్టరు, వృక్షశాస్త్ర ప్రొఫెసరు. డార్విన్ ఎప్పుడూ ఆయన వెంటే తిరిగేవాడు, హెన్స్లోతో నడిచే కుర్రాడంటే అతనే అన్నమాట.

అసలు హెన్స్లోకి కూడా ఆ ఓడ మీద మనసు పోయింది. భార్య అడక్కముందే వెళ్ళమంది. కానీ ఆమె ముఖం చూసి ఆయన ఆ ఆలోచన అక్కడితో మానుకున్నారు. బావమరిది జెనిన్స్ కూడా తన చర్చిని వదల్లేనన్నాడు. అలా ఆ చోటు శిష్యుడికి దక్కింది.

తర్వాత ఐదేళ్ళూ డార్విన్ పెట్టెలకు పెట్టెలు పంపడం, హెన్స్లో వాటిని విప్పి భద్రపరచడం. ఎలా ప్యాక్ చెయ్యాలో ఉత్తరాల్లోనే పాఠం చెప్పేవారు. ఒక నమూనా అయితే కరెంటు పేలి మిగిలిన మసిలా ఉందట, ఇదేమిటయ్యా బాబూ అని అడిగారు! 1835లో డార్విన్ ఉత్తరాల్లోని భాగాలను అతనికి తెలియకుండానే అచ్చు వేయించి పంచారు. దాంతో అతను తిరిగొచ్చేసరికే ఇంగ్లండు శాస్త్రవేత్తలకి పేరు తెలిసిపోయింది. నా లెక్కలో మొదటి ఉత్తరం కంటే ఇదే పెద్ద సాయం.

హెన్స్లో మాత్రం 1839లో సఫోక్‌లోని హిచమ్ అనే పేద పల్లెకి కాపురం మార్చారు. బడి పెట్టి పల్లె పిల్లలకి మొక్కల శాస్త్రం నేర్పారు. ఎరువుల గురించి రైతులకి పత్రికలో ఉత్తరాలు రాశారు.

1859లో డార్విన్ పుస్తకం వచ్చింది. గురువుగారు దాని వాదాన్ని ఒప్పుకోలేదు. అయినా మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో దానిమీద పెద్ద గొడవ జరిగిన సభకి అధ్యక్షుడు ఆయనే. శిష్యుణ్ణి ఊరికే తిట్టిపోయడానికి లేచినవాళ్ళకి అవకాశం ఇవ్వలేదు, వాదన ఉంటేనే మాట్లాడమన్నారు.

1861 మేలో ఆయన మంచాన పడి చనిపోయారు. అల్లుడు హుకర్, డార్విన్‌కి ప్రాణస్నేహితుడు, దగ్గరే ఉన్నాడు. డార్విన్ మాత్రం తన అనారోగ్యం చెప్పి చివరిచూపుకి వెళ్ళలేదు. జెనిన్స్ బావగారి జీవితచరిత్ర రాస్తుంటే, అందులో వేయడానికి తన జ్ఞాపకాలు రాసి పంపాడు.