చెవిలోని కాలువను చూసిన బేకేషీ

మాది కృష్ణా జిల్లా ఘంటసాల. హాస్టల్లో ఊరిపేరు చెప్పగానే ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. ఆ ఇంటిపేరు గల గాయకుడు పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలోనని చెప్పినా వినిపించుకోరు. అయితే నేను రాయబోయేది పాడినవారి గురించి కాదు. మనిషి ఎలా వింటాడో తెలుసుకోవడానికి జీవితమంతా ధారపోసిన ఒక హంగేరీ దేశస్థుడి గురించి. మా బాబాయి కూతురు పుట్టు చెవిటిది. దాని చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించిన ఏడాది లైబ్రరీలో వెతుక్కుంటూ పోతే ఆయన నాకు దొరికాడు.

గేయోర్గ్ ఫాన్ బేకేషీ 1899 జూన్ 3న బుడాపెస్టులో జన్మించాడు. తండ్రిది దౌత్య ఉద్యోగం, అందుచేత చదువు ఊళ్ళు మారుతూ సాగింది. స్విట్జర్లాండులో కెమిస్ట్రీ చదివి, 1923లో బుడాపెస్టులో ఫిజిక్సు డాక్టరేటు పుచ్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంతో దేశం చితికిపోయి ఉంది. మంచి పరికరాలున్న లేబొరేటరీ ఎక్కడుందయ్యా అంటే తపాలాశాఖవారి టెలిఫోను విభాగంలో. అక్కడే చేరాడు. లైన్లు మెరుగుపరచడం పని. ఆ పనిలో ఒక సందేహం ఆయన్ను పట్టుకుంది. తీగల మీద ఇంత డబ్బు పోస్తున్నాం, ఆ చివర వినే చెవి ఎంత నాణ్యమైనదో తెలియకుండా లైను ఎంతవరకు బాగుచెయ్యాలి?

టెలిఫోను ఇంజనీరు అడగవలసిన ప్రశ్నేనా ఇది అని మనకనిపించవచ్చు. ఆయన మాత్రం ఆస్పత్రుల నుంచి శవాల కణత ఎముకలు తెచ్చుకుని, నీళ్ళలో ముంచి, మైక్రోస్కోపు కింద తొలిచేవాడు. వర్క్‌షాపు డ్రిల్లు నిండా ఎముకల పొడి ఉంటోందని మెకానిక్కులు గొడవపెట్టుకున్నారట. నేనైతే ఆ మెకానిక్కుల పక్షమే.

కర్ణావర్తం నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి, బఠాణీ గింజంత ఉంటుంది. దాని పొడవునా బేసిలార్ త్వచమనే పొర పరుచుకుని ఉంటుంది. పియానో తీగల్లాగా ఒక్కో శబ్దానికి ఈ పొరలో ఒక్కో పోగు మోగుతుందని హెల్మ్‌హోల్ట్జ్ చెప్పి ఉన్నాడు. బేకేషీ పొర మీద వెండి రజను చల్లి, టపటపా వెలిగి ఆరే దీపం కింద చూస్తే కనిపించింది వేరు. శబ్దం ఒక అలలా మొదలు నుంచి బయల్దేరి, ఒకచోట ఉబ్బి, అక్కడితో చల్లారిపోతోంది. మొదట్లో పొర ఇరుకు, బిగువు. చివరకు పోయేకొద్దీ వెడల్పు, మెత్తన. అందుకని కీచు శబ్దాలు మొదట్లోనే ఖర్చయిపోతాయి, బొంగురువి చివరిదాకా పోతాయి. కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్ళ బిడ్డని కాబట్టి నాకిది వెంటనే అర్థమయింది. దివిసీమ శివారు పొలాలకు నీళ్ళు అందకపోవచ్చు గాని, చెవి శివారుకు మాత్రం బొంగురు శబ్దాలు తప్పకుండా అందుతాయి. ఈ సంగతి ఆయన 1928లో ప్రకటించాడు.

తరువాత కోడి, ఎలుక, ఆవు, చివరకు చచ్చిన ఏనుగు చెవిని కూడా వెతికించి తెప్పించుకుని పరీక్షించాడు. 1946లో స్టాక్‌హోం, మరుసటేడు అమెరికాలో హార్వర్డ్. 1961లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వచ్చింది వైద్యుడికి కాదు, ఫిజిక్సు మనిషికి! పెళ్ళి చేసుకోలేదు. పాత కళాఖండాలు పోగుచేసుకున్నాడు, అవి నోబెల్ ఫౌండేషనుకే వదిలిపెట్టాడు. 1966లో హవాయికి వెళ్ళి, 1972 జూన్ 13న అక్కడే కన్నుమూశాడు.

ఆయన చూసినదంతా పూర్తి నిజం కాదు. ఆయనవి శవాల చెవులు. 1971లో రోడ్ అనే శాస్త్రజ్ఞుడు బతికున్న కోతి చెవిలో కొలిస్తే, ఆ అల శవంలోకంటే చాలా పదునుగా ఉన్నట్టు తేలింది. అయినా ఏ శబ్దానికి ఏ చోటు అన్న లెక్క నిలిచింది.

ఇంప్లాంటు నడిచేది ఆ లెక్క మీదే. కర్ణావర్తంలోకి సన్నని తీగ దూర్చుతారు. దాని మీద 12 నుంచి 22 వరకు విద్యుత్ బిందువులుంటాయి. కీచు శబ్దం మొదటి బిందువులకు, బొంగురు శబ్దం లోపలి బిందువులకు. చిక్కేమిటంటే అందరి కర్ణావర్తం ఒకే పొడవు ఉండదు. 1938లో హార్డీ అనే పరిశోధకురాలు కొలిస్తే ఆ పొర 25 మిల్లీమీటర్ల నుంచి 35 దాకా తేడాగా వచ్చింది. ఒకే తీగ ఒకరికి దాదాపు శివారుదాకా పోతుంది, మరొకరికి నడిమధ్యలో ఆగిపోతుంది. అప్పుడు బొంగురు శబ్దం ఎక్కవలసిన చోట ఎక్కదు. అందుకే ఇప్పుడు రకరకాల పొడవుల తీగలు చేస్తున్నారు, స్కానింగులో కొలిచి ఎంచుకుంటున్నారు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో చిన్నపిల్లలకు ఈ ఆపరేషన్ చేర్చారు. మా చిట్టితల్లితోపాటు శిక్షణకు వచ్చే ఇంకో పిల్ల నాలుగు నెలల్లో పేరు పిలిస్తే తిరిగింది, ఇది తిరగలేదు. అక్కడివాళ్ళొకరు తల్లి ఇంట్లో సరిగా మాట్లాడించడం లేదని తేల్చేశారు. పిన్ని నెలరోజులు సరిగా అన్నం తినలేదు. పొడవొక్కటే కారణమని నేననను. ఆపరేషన్ నాటి వయసుంది, నాడి బలముంది, శిక్షణుంది. కాని యంత్రం ఒకటైనంత మాత్రాన చెవులు ఒకటి కావని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సంక్రాంతి సెలవుల్లో ఇంటికెళ్ళి నోటుబుక్కులో కర్ణావర్తాన్ని చుట్లు విప్పి, కాలువలా గీసి, దాని వెంట తూముల్లా బిందువులు పెట్టి పిన్నికి చూపించాను. చాలాసేపు చూసింది. పిల్లని పేరు పెట్టి పిలిస్తే ఆ మాట ఏ తూములోంచి పోతుందని అడిగింది. ఒక్కదాంట్లోంచి కాదని చెప్పి, మధ్యలో నాలుగైదు తూముల మీద వేలు పెట్టి చూపించాను.