భాగ్యరెడ్డి వర్మ: మనల్ని మనమే సరిదిద్దుకోవాలన్న మనిషి



ఉపాసక, ఉపాసికలారా,

మీరు దీక్ష తీసుకున్నారు. గోడ మీద పటాలు మారాయి, పిల్లల పేర్లు మారాయి. మరి అమ్మాయికి సంబంధం వచ్చిందంటే, వాళ్లు మాలలా, మాదిగలా, రెల్లివారా అని మన ఇంట్లో అడగడం మానేశామా? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని ఈ జీవితం చదవండి.

భాగ్యరెడ్డి వర్మ అసలు పేరు మాదరి భాగయ్య. 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టాడు. పెద్ద చదువులు లేవు. చిన్న వయసులోనే ఒక బారిస్టరు ఇంట పనికి కుదిరాడు. అక్కడే లోకజ్ఞానం సంపాదించుకున్నాడు.

18 ఏళ్ల వయసులో, 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. వాడల్లో చదువుకున్నవాళ్లు తక్కువ. అందుకని హరికథలూ భజనలూ పెట్టి, వాటి మధ్యలోనే చదువు గురించీ శుభ్రత గురించీ చెప్పించాడు. 1910 నుంచి వాడ పిల్లలకు బడులు తెరిచాడు. పోను పోను అవి ఇరవై దాటాయి. 1911లో మాన్య సంఘం వచ్చింది.

ఆయన ముందు నిలదీసింది పరాయివాళ్లను కాదు, సొంత జనాన్నే. పెళ్లికీ చావుకీ కల్లు ఎందుకన్నాడు. పసిపిల్లలకు పెళ్లిళ్లు వద్దన్నాడు. అమ్మవారి పేరు చెప్పి ఆడపిల్లను జోగినిగా వదిలేయడం మన ఇంటి పాపమేనన్నాడు. జాతరలో జంతువును బలివ్వడం మాన్పించడానికి ఊరూరా తిరిగాడు. వాడ తగాదాలు కోర్టుకెక్కి డబ్బు పోగొట్టుకోకుండా పంచాయతీలు పెట్టి తీర్పులు చెప్పించాడు. ఇవన్నీ విని వాడలో అందరూ మెచ్చుకునే ఉంటారా? మీకు తెలుసు కదా, ఇంట్లోవాళ్లకు మంచి చెప్పడం ఎంత కష్టమో!

1917 నవంబరులో బెజవాడలో సభ. దానికి పంచమ మహాసభ అని పేరు పెట్టారు, అధ్యక్షుడు ఈయన. పంచములంటే ఐదోవాళ్లు, నాలుగు వర్ణాలకు బయట పడేసినవాళ్లు. ఆ మాటే మాకొద్దన్నాడు. ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నవాళ్లం మేమేనని వాదించాడు. సభ పేరు ఆది ఆంధ్ర అయింది. ఆ సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు, వీళ్లు ఎక్కడ లోపలికొస్తారోనని! 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆది ఆంధ్ర అనే పేరును ఒప్పుకుంది. అప్పుడు మన సాలూరు మద్రాసు రాష్ట్రంలోదే. ఇవాళ్టికీ మనలో చాలామంది కుల ధ్రువపత్రంలో కనిపించే ఆ మాట వెనక ఆ సభ ఉంది.

మతం విషయంలో ఆయన ఒక్క చోట ఆగిపోలేదు. బ్రహ్మసమాజంలో పనిచేశాడు. ఆర్యసమాజం వాళ్లు వర్మ అనే బిరుదిచ్చారు. ఆ మతం లోపలే ఉండి సమానత్వం కోసం పోరాడాడు. అయినా ఆయన చూపు తథాగతుడి వైపు తిరిగింది. బాబాసాహెబ్ నాగపూర్ దీక్షకు నాలుగు దశాబ్దాల ముందే హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపించాడు. చివరి రోజుల్లో, 1937లో, మళ్లీ జరిపించాడు. రౌండ్ టేబుల్ సమావేశాల్లో మన గొంతు అంబేడ్కరే కావాలని 1930లో బలపరిచినవాళ్లలో ఆయనా ఒకడు. 1939 ఫిబ్రవరి 18న, 50 ఏళ్లకే కన్నుమూశాడు.

ఆయన చేయాలనుకున్నదంతా అయిపోయిందా అంటే, లేదు. ఆయన కాలంలోనే మాలలకూ మాదిగలకూ హైదరాబాదులో వేరువేరు సంఘాలు ఏర్పడ్డాయి. అందరికీ ఒక పేరు పెట్టడం సాధ్యమైంది గానీ, అందరినీ ఒక బంతిలో కూర్చోబెట్టడం పూర్తి కాలేదు. ఆ మిగిలిన పని మన వంతు.

మనుషులంతా సమానమేనని నమ్ముతామని 22 ప్రతిజ్ఞల్లో మనం ఒప్పుకున్నాం. సమానత్వం కోసం పాటుపడతామనీ చెప్పాం. ఆ ప్రతిజ్ఞ ఇతరుల గుడి తలుపుల కోసమే కాదు, మన వంటింటి తలుపు కోసం కూడా. విహారంలో వందన అయ్యాక చూడండి, ఏ వాడవాళ్లు ఏ మూల కూర్చున్నారో. మైకు ఎప్పుడూ మగవాళ్ల చేతిలోనే ఉందేమో చూసుకోండి. వచ్చే బుద్ధ పూర్ణిమకు వంట ఏ వాడవాళ్లు చేస్తే బాగుంటుందో ఆలోచించండి. వేరే వాడ నుంచి సంబంధం వస్తే, కులం అడగకముందే పిల్లాడు పంచశీల పాటిస్తాడా అని అడగండి.

దీక్ష తీసుకున్న రోజుతో పని అయిపోలేదు. ఆ రోజుతో మొదలైంది.

జై భీమ్!