జెర్డన్ దొర చరిత్రము

మన మైదుకూరునకు ఆగ్నేయముగా లంకమల కొండలు గలవు. వాని పాదములచెంత గులకరాళ్ల నేల, కలివిపొదలు, రేగుకంపలు, తుమ్మచెట్లు చాలదూరము వ్యాపించి యున్నవి. ఇట్టి నేలకు గ్రామ లెక్కలలో గుట్ట యనియో, బంజరనియో, పోరంబోకనియో పేరు. శిస్తు లేదు, పంట లేదు. లెక్కలు వ్రాయువానికి అది ఒక్క పంక్తితో ముగియును. అట్టి నేలలో అపూర్వమైన ప్రాణి యొకటి కలదని లోకమునకు తెలిపిన మహనీయుని చరిత్రమును ఈ రజతోత్సవ సంచికలో పాఠక మహాశయులకు సంగ్రహముగా విన్నవించెదను.

థామస్ క్యావర్‌హిల్ జెర్డన్ 1811వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండు దేశపు డర్హమ్ మండలమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యవిద్య నభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయ వైద్యుడై 1836 ఫిబ్రవరిలో చెన్నపట్టణము చేరెను. మొదట గంజాము ప్రాంతమున జ్వరముతోను రక్తవిరేచనములతోను బాధపడు సైనికులకు చికిత్స చేసెను. మరుసటి యేడు అశ్వదళ వైద్యుడుగా తిరుచిరాపల్లికిని, పిమ్మట జాల్నాకును పోయెను. దండు ఎచ్చట విడిసినను, వైద్యము ముగిసిన వెనుక ఆయన పని పక్షులను పరిశీలించి వ్రాసికొనుటయే. 1839 నాటికే దక్షిణదేశపు పక్షుల పట్టికను మద్రాసు పత్రిక యందు ప్రకటింప నారంభించెను.

తరువాత ఆయన నెల్లూరునకు సివిల్ సర్జనుగా వచ్చెను. అచ్చట యానాదులతో పరిచయము కలిగెను. అడవిలో పుట్టి పెరిగిన యానాదులకు ఏ పొదలో ఏ ప్రాణి మసలునో తెలియును. అధికారి ననుకొనక దొర వారివద్ద ఈ సీమ జంతువులను గూర్చి పెక్కు సంగతులు నేర్చుకొనెను. తన గ్రంథమున పక్షుల తెలుగు పేర్లను కూడ చేర్చెను.

నెల్లూరు కడప సీమల నడుమ నున్న కొండప్రాంతమున ఆయనకు ఒక క్రొత్త పక్షి లభించెను. అదియే కలివికోడి. పొడవు జేనెడు కంటె కొంచెము హెచ్చు. రొమ్ముమీద రెండు గోధుమవన్నె పట్టీలు. పగలు పొదల నీడను అణగియుండి, రాత్రి వెలువడి పురుగులను తిని బ్రతుకును. కలకత్తాలోని బ్లైత్ పండితుడు 1848లో దానిని శాస్త్రమునకు ఎక్కించెను. నేడు లోకమంతయు దానిని జెర్డన్ పేరుతోనే పిలుచుచున్నది.

ఆయన భారతదేశ పక్షులను గూర్చిన మహాగ్రంథము 1862 మొదలు 1864 వరకు వెలువడెను. 1867లో క్షీరదములను గూర్చిన గ్రంథము వచ్చెను. 1868లో ఉద్యోగము విరమించెను. అస్సాములో వ్యాధిగ్రస్తుడై 1870లో స్వదేశము చేరి, 1872 జూన్ 12న మరణించెను. ఆ కాలపు శాస్త్రజ్ఞులు పక్షిని కాల్చి, చర్మమును భద్రపరచి పరిశీలించెడివారు. క్రౌంచపక్షి శోకమునుండి ఆదికావ్యము పుట్టిన దేశమున ఈ పద్ధతి మనకు రుచింపదు. అయినను ఆ వ్రాతలే లేకున్నచో, మన పెరటిలో ఏమి యుండెనో, ఏమి పోయెనో తెలిసెడిది కాదు.

పోవుట యనగా నిజముగనే పోయినదని తలచిరి. 1900 తరువాత కలివికోడి ఎవ్వరికిని కానరాలేదు. 86 సంవత్సరములు గడచెను. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు వెదకగా, 1986 జనవరిలో సిద్ధవటము చెంత రెడ్డిపల్లె ప్రాంతమున స్థానిక వేటగాని సహాయముతో అది మరల దొరకెను. యానాదులు జెర్డనుకు నేర్పినట్లే, ఈ మారును మన పల్లెవాని యెరుకయే శాస్త్రమునకు దారి చూపెను. 1988లో ప్రభుత్వము సుమారు 464 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యముగా ప్రకటించెను.

తగవు అంతటితో తీరలేదు. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఈ పక్షి మసలు తావులలోనికి సాగెను. నీటికై మొగము వాచిన సీమ మనది. కాలువ వలదనుట ఎవరికిని తగదు. పనిని ఆపి, తరువాత కాలువ దారి మార్చిరి. కాలువను ప్రక్కగా త్రిప్పవచ్చును. పక్షికి మరియొక నేల కల్పించుట మాత్రము మానవునకు ఇంతవరకు చేతకాలేదు. దట్టమైన అడవి దానికి పనికిరాదు. ఉత్త బయలును పనికిరాదు. పొదకు పొదకు నడుమ నడచుటకు చోటు కావలెను. వంటచెరకునకై పొదలన్నియు నరికినను, తోటలకై నేల చదును చేసినను దాని యిల్లు చెడును. 2008 తరువాత చాలకాలము దాని జాడ నిశ్చయముగా తెలియరాలేదు.

శిస్తు రాని నేల యెల్ల వ్యర్థమనుట సరికాదు. వానలు కురిసినపుడు నీరు ఇంకునది అచ్చటనే. మన గొఱ్ఱెలు మేయునది అచ్చటనే. అట్టి నేలకు లెక్కలలో పట్టాదారు పేరు వ్రాయము. ఆ గడి ఖాళీగా నున్నంత మాత్రమున హక్కుదారులు లేరని కాదు; వారిలో పెక్కుమంది ఇంకను పుట్టలేదు. వారు పెద్దవారై ఈ గ్రంథాలయమున జెర్డన్ దొర చరిత్రము చదివి, కలివికోడి ఎచ్చట నున్నదని అడిగినచో, లంకమల వైపు చేయి చూపుటకు మనకు వీలుండవలెను.