రేడియో అన్నయ్య

మాఘ ఫాల్గుణ మాసములలో ఆర్మూరు చుట్టుపట్ల గ్రామములకు వెళ్లినవారికి మేము చెప్పబోవు సంగతి తెలిసియే యుండును. ఆ దినములలో ఏ చేను చూచినను పసుపు త్రవ్వకమే. కడాయిలలో పసుపు ఉడుకుచుండగా ఆ ఆవిరి వాసన రోడ్డుదాక వచ్చును. ఉడికిన కొమ్ములను మండలను వేరుచేసి, కల్లముమీద పరచి, పది పదునైదు దినములు ఎండబెట్టుదురు. తల్లిదండ్రులిద్దరును పనిలో నుండగా, మూడవ తరగతియో నాల్గవ తరగతియో చదువు పిల్లవాడు చెల్లెలిని ఒడిలో పెట్టుకొని కల్లము అంచున కూర్చుండును. బడిలో అతని పేరు పిలిచినప్పుడు జవాబు రాదు. పసుపు అమ్ముడై చేతికి డబ్బు వచ్చిన పిమ్మట ఆ పిల్లవాడు బడికి వచ్చును గాని, అప్పటికి వేసవి సెలవులు దగ్గరపడును.

పట్టణములోని పిల్లల సంగతి వేరు. వారు బడి మానరు. బడి విడిచిన వెంటనే ట్యూషనుకు పోవుదురు. ట్యూషను విడిచిన తరువాత చేతిలో ఫోను పట్టుకొందురు. కల్లముకడనున్న పిల్లవానికిని, ట్యూషనులోనున్న పిల్లవానికిని ఒక విషయములో భేదము లేదు. పెద్దవారొకరు ప్రక్కన కూర్చుండి కథ చెప్పుటయు, పాట నేర్పుటయు, వానిచేత ఒక చిన్న నాటకము ఆడించుటయు ఇద్దరికిని లేదు.

నిరుడు మేము కొందరము కలిసి, శనివారము సాయంకాలము ఒక గంటసేపు అయిదవ తరగతి లోపు పిల్లలను ఏ మతమువారైనను సరే చేర్చి, ఆటపాటలు జరిపింపవలెనని తలంచి హాలు తెరచితిమి. మొదటి వారము పిల్లలు కిక్కిరిసిరి. మూడవ నెలకు సగమైనను రాలేదు. దీనివలన మార్కులు వచ్చునా అని తల్లిదండ్రులు మమ్మును అడిగిరి. మేము సరియైన జవాబు చెప్పలేకపోతిమి. ఆ మాసములలోనే న్యాయపతి రాఘవరావుగారి జీవితము మాకు పదేపదే జ్ఞాపకమునకు వచ్చెను. ఆ పేరు చెప్పిన కొందరు గుర్తింపకపోవచ్చును. రేడియో అన్నయ్య అనిన, అరువది దాటిన తెలుగువారిలో తెలియనివారు అరుదు.

రాఘవరావుగారు 1905వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన, నేటి ఒడిశా రాష్ట్రములోని బరంపురములో జన్మించిరి. బరంపురము ఆ కాలమున మద్రాసు రాజధానిలోనిది. అక్కడ తెలుగు మాటలాడు కుటుంబములు అనేకము ఉండెను, నేటికిని ఉన్నవి. ఆయన చదువు ముగించుకొని మద్రాసు చేరి, కొంతకాలము పత్రికారంగమున పనిచేసిరి. ఆయన భార్య కామేశ్వరిగారు 1908లో జన్మించిరి, ఆమెది విజయనగరము. ఆ కాలపు స్త్రీలలో చదువుకొన్నవారే కొద్దిమంది. ఆమె చదువుకొనుటయే గాక, భర్తతోపాటు సమానముగ పని నెత్తిన వేసికొనిరి. ఆయన జీవితమును గూర్చి వ్రాయుచు ఆమెను ఒక వాక్యముతో సరిపెట్టుట అన్యాయమని మా అభిప్రాయము. అన్నయ్య అను పేరు ఆయనకు ఎంత అమరినదో అక్కయ్య అను పేరు ఆమెకు అంతే అమరినది.

మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమాయెను. రేడియో అప్పటికి క్రొత్త వస్తువు. దానిలో సంగీత విద్వాంసులు పాడుదురు, పెద్దలు ప్రసంగింతురు, వార్తలు చదువుదురు. పిల్లలు దానియెదుట నోరు మూసికొని కూర్చుండవలెను. ఆ పెట్టెలోనుండి పిల్లల గొంతే వినబడునట్లు చేసినవారు ఈ దంపతులు. తెలుగు పిల్లల కార్యక్రమము వారి చేతులలో పడిన తరువాత స్టూడియో ఒక చిన్న పెరడువలె నాయెను. పిల్లలు వచ్చి పద్యములు చదువుదురు, కథలు చెప్పుదురు, పొడుపుకథలు వేయుదురు, చిన్న నాటికలు ఆడుదురు. తప్పిపోయిన మాటను అన్నయ్య నవ్వుతో సర్దును, తడబడిన పాటను అక్కయ్య అందుకొనును.

ఈ పని చూచుటకు తేలికగా కనబడును గాని, ఆరేండ్ల పిల్లను మైకుముందు నిలువబెట్టి చూచిన వారికి దాని కష్టము తెలియును. ఎఱ్ఱ దీపము వెలిగిన తరువాత దగ్గకూడదు, కాగితము చప్పుడు చేయకూడదు, ప్రక్కవానిని గిల్లకూడదు. ఆనాటి కార్యక్రమములు చాలవరకు అప్పటికప్పుడే ప్రసారమగుచుండెను. తప్పు దొర్లినచో తుడిచివేయుటకు వీలులేదు. అట్టి నియమములలో పిల్లలు బెదరక పలుకవలెననిన, ముందుగా వారికి ఆ పెద్దవారిమీద చనువు కుదరవలెను. భయపెట్టి పాఠము అప్పజెప్పించవచ్చును గాని, భయపెట్టి ఎవరిని నవ్వించగలము?

ఇంగ్లండు దేశములో బి.బి.సి. వారు 1922 నుండియే పిల్లలకొరకు కార్యక్రమము నడిపిరి. దానిని నడుపువారు తమను తాము అంకుల్ అనియు ఆంటీ అనియు పిలుచుకొనుచుండిరి. మన రాఘవరావుగారు మామయ్యయు బాబాయియు కాలేదు, అన్నయ్య అయిరి. ఈ భేదము చిన్నదని మేము అనుకొనము. మన ఇండ్లలో బాబాయి వచ్చిన పిల్లలు లేచి నిలుచుందురు. అన్నయ్య వచ్చిన, అతని సంచిలో ఏమున్నదో వెదకుదురు. అన్నయ్య మందలించును గాని తండ్రికి చెప్పడు. ఆట తెలిసినవాడు, ఆటలో చేరువాడు. ఏబది యేండ్ల వయస్సు వచ్చిన తరువాత కూడ లక్షలాది పిల్లలకు ఒకడు అన్నయ్యగానే యుండగలుగుట సామాన్యము కాదు.

రేడియోతో ఒక లోపము కలదు. వారమునకు ఒకసారి వచ్చును, గంటలోపల పోవును. స్టూడియోలోనికి పదిమంది పిల్లలు పట్టుదురు, మిగిలినవారందరు వినువారే. ఈ సంగతి ఆ దంపతులు త్వరలోనే గ్రహించియుందురని వారు తరువాత చేసిన పనులవలన మాకు తోచుచున్నది. 1940లో వారు బాలానంద సంఘమును స్థాపించిరి. అది ఆంధ్ర బాలానంద సంఘమను పేరుతో ప్రసిద్ధి చెందెను. బడి కాని చోట, పరీక్ష లేని చోట, పిల్లలు కూడుకొని ఆడుటకు, పాడుటకు, నటించుటకు అది నిలయమాయెను. అక్కడ మార్కులు లేవు. ఎవడు మొదటివాడు, ఎవడు కడపటివాడు అను లెక్కయు లేదు.

తరువాత 1945వ సంవత్సరము ఆగస్టు నెలలో బాల అను మాసపత్రికను ప్రారంభించిరి. అది యుద్ధము ముగియుచున్న సమయము. అట్టి దినములలో పిల్లలకొరకు పత్రిక పెట్టుటకు ఎంత ధైర్యముండవలెనో, కరపత్రమొకటి అచ్చువేయించి బిల్లు చెల్లించినవారిని అడిగిన చెప్పుదురు. ఆ పత్రికలో ఒక విశేషము కలదు. అది పిల్లలు చదువుటకు మాత్రమే కాదు, పిల్లలు వ్రాయుటకు కూడ. ముళ్లపూడి వెంకటరమణగారి మొట్టమొదటి కథ 1945లో దానిలోనే అచ్చుపడెను. అప్పటికి ఆయన వయస్సు పదునాలుగేండ్లు. ఆయన స్నేహితుడు, 1933లో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ, అనగా మనమందరము బాపు అని ఎరిగిన చిత్రకారుడు, చిన్ననాటనే ఆ పత్రికలో బొమ్మలు వేసెను. ఈ ఇద్దరును తరువాత తెలుగువారికి ఏమిచ్చిరో వేరుగ చెప్పనక్కరలేదు. బాల పత్రిక 1959 వరకు నడచెను.

ఈ ఇద్దరి పేర్లు చెప్పి మేము తల్లిదండ్రులకు ఆశ చూపుటలేదు. అట్లు చేసినచో ట్యూషనువారికిని మాకును భేదమేమి? అన్నయ్య చేరదీసిన పిల్లలలో వేయింట తొమ్మిదివందల తొంబదిమంది ఎవరో మనకు తెలియదు. వారు గుమాస్తాలైరి, ఉపాధ్యాయులైరి, గృహిణులైరి. వారికి ఒక్కొక్కరికి ఒక ఆదివారము మధ్యాహ్నము జ్ఞాపకమున్నది. మాకు అది చాలును. జెకర్యా ప్రవక్త తన గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో, పాడైన యెరూషలేము తిరిగి బాగుపడుటకు గురుతుగా కోటలను గూర్చి గాని ధాన్యపు కొట్లను గూర్చి గాని చెప్పక, వీధులలో ఆడుకొను బాలబాలికలను, వారి సమీపమున కఱ్ఱ పట్టుకొని కూర్చున్న వృద్ధులను చూపించెను. ఆ పిల్లలలో ఎవరు గొప్పవారైరో ప్రవక్త వ్రాయలేదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించెను. ఆ సంవత్సరమే అన్నయ్య అక్కయ్యలు మద్రాసు విడిచి హైదరాబాదు చేరిరి. హైదరాబాదులో 1935 నుండి దక్కన్ రేడియో ఉండెను. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో చేరెను. ఈ ప్రాంతపు పిల్లలకు బడి భాష చాలకాలము ఉర్దూ. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ. తెలుగులో చదువవలెనను కోరికయున్నను పుస్తకములు కొఱత. అట్టి చోటికి తెలుగు పాటల మూటతో ఆ దంపతులు వచ్చుట మన భాగ్యము. బాలానందము ఇక్కడి రేడియోలో ఆదివారపు మధ్యాహ్నముల పండుగ ఆయెను.

ఆ దినములలో రేడియో ఇంటింట లేదు. దానికి పోస్టాఫీసులో లైసెన్సు రుసుము చెల్లింపవలెను. ఉన్న ఒక్క ఇంటి అరుగుమీదను, లేదా పంచాయతీవారి రేడియో ముందును పిల్లలు గుంపు గూడుదురు. ఆరాధన ముగించుకొని ఇంటికి పోయి, గబగబ రెండు ముద్దలు తిని, ఆ అరుగు దగ్గర చోటు దొరుకునో దొరుకదో యని పరుగెత్తిన వారు మా పెద్దలలో ఉన్నారు. ఒక పెద్దామెకు ఆనాడు విన్న పాట పూర్తిగ గుర్తులేదు, వరుస మాత్రము గుర్తున్నది. మా శనివారపు పిల్లలకు ఆమె ఆ వరుసకు తన సొంత మాటలు కట్టి నేర్పెను. పిల్లలకు అది మేము పుస్తకము చూచి నేర్పిన పాటలన్నిటికంటె బాగుగ వచ్చెను!

కామేశ్వరిగారు 1980లో కన్నుమూసిరి. అన్నయ్య ఆమె లేక నాలుగేండ్లైనను జీవింపలేదు. 1984 ఫిబ్రవరి 24న ఆయన మరణించిరి. హైదరాబాదు రేడియోలో పిల్లల కార్యక్రమమును తరువాత తురగా జానకీరాణిగారు ఎంతో ప్రేమతో నడిపిరి. ఆమెను కూడ శ్రోతలు రేడియో అక్కయ్య అనియే పిలిచిరి. ఒకరు విడిచిన పీట ఖాళీగ ఉండకుండుట ఆ దంపతులు వేసిన పునాది గట్టిదనుటకు ఒక సాక్ష్యము.

1956లోనే ఢిల్లీలో పిల్లల కొరకు బాలభవనము ఏర్పడెను. అటువంటివి తరువాత హైదరాబాదు మొదలగు చోట్ల వెలసెను. 2020నాటి జాతీయ విద్యావిధానము సంవత్సరములో పది దినములు పుస్తకాల సంచి లేని బడి ఉండవలెనని చెప్పెను. ఇది ఆరు మొదలు ఎనిమిది తరగతులవారిని ఉద్దేశించినది. చిన్న తరగతులవారి సంచి ఇంకను వారి వీపుమీదనే యున్నది.

ఇప్పుడు మా హాలు సంగతి. అన్నయ్య జీవితమును తిరిగి చూచిన తరువాత మా తప్పు ఒకటి మాకు కనబడెను. మొన్నటి డిసెంబరులో పిల్లలచేత ఒక నాటిక ఆడించితిమి. బాగుగ మాటలాడు పిల్లలనే ఏరి పాత్రలు ఇచ్చితిమి. నత్తి గల ఒక బాలుడు ప్రతి శనివారము తప్పక వచ్చుచుండువాడు. అతనికి పాత్ర ఇయ్యలేదు, తెర పట్టుకొనుమని చెప్పితిమి. నాటిక అయిన తరువాత అతడు రాలేదు. తల్లిదండ్రులు మార్కులు అడుగుచున్నారని మేము మొఱపెట్టితిమి గాని, మేమును మా విధముగ మార్కులు వేసితిమి. మాలో ఇద్దరు వారి ఇంటికి పోయి కూర్చుండి వచ్చిరి. ఆ బాలుడు గడపదాక వచ్చి, లోపలికి పోయెను. తరువాతి వారము మరల పోయిరి. ఈసారి అతడు తాను మట్టితో చేసిన ఎద్దులబండి తెచ్చి చూపించెను.

రెండవ తప్పు, పిల్లలు మా హాలునకు రావలెనని మేము కూర్చుండుట. పసుపు కాలములో కల్లము విడిచి వారెట్లు రాగలరు? రేడియోకు కాళ్లు లేకపోయినను అది అరుగుమీదికి వెళ్లెను. మాకు కాళ్లుండియు కదలలేదు. కావున ఈ ఫిబ్రవరి మార్చి నెలలలో శనివారపు గంటను హాలులో జరుపము. ఎండ తగ్గిన తరువాత అయిదు గంటలకు, ఆ ఊరి పెద్దల అనుమతితో, ఏదో ఒక కల్లము ప్రక్కన చెట్టు నీడను చాప పరచి కూర్చుందుము. చంటిపిల్లలను ఎత్తుకొని వచ్చువారిని వద్దనము. నాటికకు పాత్రలు చీటీలు వేసి పంచుదుము. మట్టి ఎద్దులబండి చేసిన బాలుడు చిన్నవారికి మట్టిబొమ్మలు నేర్పుటకు ఒప్పుకొనెను. మాటలాడుట తనకు ఇష్టమైనప్పుడే అని షరతు పెట్టెను, మేము అంగీకరించితిమి.

కథలు తెలిసిన అవ్వలు, తాతలు, పాత వరుసలు జ్ఞాపకమున్నవారు మాతో రాగోరినచో శుక్రవారము సాయంకాలము లోపల తెలియజేయుదురుగాక. రాగలవారు ఒక చాపయు, త్రాగుటకు నీళ్లును తెచ్చుకొనవలెను. కల్లములో చెప్పులు విడిచి నడువవలెను, ఎండుచున్న పసుపును త్రొక్కరాదు.